రెండేళ్ల కాగితం కాదు, హక్కు కావాలి

పసిపిల్లను చంకనేసుకుని తల్లి సరిహద్దు దాటింది. ఆ పిల్లకేం తెలుసు వీసా సంగతి? పిల్ల అమెరికా బడిలోనే అక్షరాలు దిద్దింది. కాగితాల్లేవని బడి తలుపు మూయొద్దని 1982లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బాగానే వుంది. బడి చదువు అయిపోయాక పనికెళ్దామంటే మాత్రం చట్టం కంటికి ఆ పిల్ల దొంగ!

ఇట్లాంటి పిల్లలకు స్థిర నివాసం ఇవ్వాలని 2001లో 'డ్రీమ్' బిల్లు పెట్టారు. ఇరవై ఏళ్లు దాటినా అది చట్టం కాలేదు. 2010లో నలుగురు విద్యార్థులు మయామీ నుంచి వాషింగ్టన్ దాకా 1500 మైళ్లు నడిచారు. వాళ్లలో కాగితాల్లేనివాళ్లు పట్టుబడితే దేశం దాటిస్తారని తెలిసే నడిచారు. ఆ డిసెంబరులో బిల్లు దిగువ సభలో గెలిచింది. సెనేట్‌లో 55 మంది ఔనన్నారు, 41 మంది కాదన్నారు. చర్చ ముగించి ఓటింగుకు పోవాలంటే 60 కావాలట. కాదన్న 41 మందే నెగ్గారు. ఇదేం లెక్క?

2012లో ఒబామా ప్రభుత్వం 'డాకా' తెచ్చింది. పదహారేళ్లలోపు వచ్చినవాళ్లను రెండేళ్లదాకా వెళ్లగొట్టం, పనిచేసుకోండి అంది. రెండేళ్లయితే మళ్లీ ఫీజు, మళ్లీ దరఖాస్తు. ఏక్‌సాల్ పట్టా ఎరిగిన మనవాళ్లకు ఈ బతుకు వేరే చెప్పాలా? పైగా పేరు, చిరునామా, వేలిముద్ర సర్కారు చేతిలో పెట్టి మరీ తెచ్చుకున్న కాగితమది. 2017లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దన్నది. రద్దు చేసిన తీరు చెల్లదని 2020లో సుప్రీంకోర్టు ఆపింది, అదీ ఒక్క ఓటు తేడాతో. 2021లో టెక్సాస్ కోర్టు తీర్పుతో కొత్తవాళ్లకు మంజూరు ఆగిపోయింది.

ఇందులో తెలుగు పిల్లలూ వున్నారు. కంప్యూటర్ ఉద్యోగుల పిల్లలు తల్లిదండ్రుల వీసా మీద వెళ్తారు. గ్రీన్‌కార్డు వరుస కదలదు. 21 నిండగానే వీళ్లకు ఆ వీసా నీడ పోతుంది. సక్రమ హోదాలో వున్నారు కాబట్టి డాకా వర్తించదట! "మా పిల్లలు వేరు, దొంగదారిన వచ్చినోళ్లు వేరు" అనే పెద్దలు కొందరున్నారు. వేరెట్లా? ఇద్దరినీ తీసుకొచ్చింది పెద్దలే గదా.

ఇంకో మెలిక చూడండి. 2010 బిల్లు రెండేళ్ల కాలేజీ చదువో, రెండేళ్ల సైన్యమో అడిగింది. మరి తోటల్లో పండ్లు కోసే పిల్లవాడు? మేం పంతుళ్లం, చదువొద్దనం. కానీ పెరిగిన చోట వుండటానికి మార్కులు వేస్తామంటే ఒప్పుకోం. అమెరికాలో వున్న మన సంఘాలవాళ్లు ఈ రెండు రకాల పిల్లలనూ ఒకే సభలో కూచోబెట్టాలి. అందరికీ ఒకే చట్టం అడగాలి.