క్రాస్ కుక్కకి రోగం రాదని ఎవరన్నారు?

ఈసారి పంట గురించి కాదు, పంటకి కాపలా కాసే కుక్క గురించి.

"జాతి కుక్కకే రోగాలు, క్రాస్ కుక్కకి ఏం కాదు, సగం నాటు రక్తం కదా" అంటారు మనోళ్లు. నేనూ అదే అనేవాణ్ణి. వంశంలో వచ్చే కొన్ని జబ్బుల వరకు అది కొంత నిజమే. కానీ గోమారుకి జాతి తెలుసా?

మా నల్లోడు అల్సేషన్‌కీ ఊరకుక్కకీ పుట్టినోడు. నాలుగేళ్లు చేలోకి అడవిపందిని రానివ్వలేదు. పోయిన ఎండాకాలం చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఆముదం గింజల్లా పట్టాయి. తిండి మానేశాడు. ఎండదెబ్బేమో అని మజ్జిగన్నం పెట్టా. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం వచ్చింది. పశువుల డాక్టరు పెదవి ఎత్తి చూపించారు. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరమట. మొదట్లోనే తెస్తే డాక్సీసైక్లిన్ మాత్రలు మూడు నాలుగు వారాలు వాడి చాలావాటిని బతికించొచ్చు అన్నారు. రెండ్రోజులకి పోయాడు. బర్రె ఒక్కపూట నెమరు వెయ్యకపోతే రాత్రికి రాత్రి పరిగెత్తే నేను, వాడి విషయంలో నాలుగు రోజులు ఆగా. తప్పు నాదే.

ఇంకో ఘోరం కూడా చూస్తున్నా. గోమార్లు పోవాలని పత్తికి కొట్టే మందు గుడ్డతో పూస్తున్నారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కదయ్యా! నురగలు కక్కి, కొట్టుకుని చస్తుంది. కుక్కలకని మందులు వేరే ఉన్నాయి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు కూడా శుభ్రం చెయ్యాలి, గోమార్లు గుడ్లు పెట్టేది అక్కడే. కుంటుతోందని మనం మింగే డైక్లోఫెనాక్ బిళ్ల వెయ్యకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

పిల్లలకైతే పార్వో భయం. వాంతులు, కంపు కొట్టే రక్తవిరేచనాలు మొదలైతే దిష్టి అని ఉప్పు తిప్పుతూ కూర్చోకండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆరేడు వారాల వయసులో మొదటి టీకా వేయించి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి.

రేబిస్ అయితే కుక్కతో ఆగదు. లక్షణాలు బయటపడ్డాక మనిషినైనా బతికించే మందు లేదు. ఏటా జూలై 6న పశువుల ఆస్పత్రుల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు. ఇప్పుడు నా దగ్గర కొత్త పిల్ల ఉంది, మూడు నెలలు దాటింది. ఆ రోజు పొద్దున్నే ట్రాక్టర్ కడుతున్నా. మా ఊరోళ్లు ఎవరైనా రావచ్చు, గొలుసు లేకపోతే పగ్గమైనా కట్టి తీసుకురండి.