మంచులో దిగబడని అడుగు

సూరత్‌లో కాపురముండే మనకు మంచు అంటే ఫ్రిజ్ పై అరలో పేరుకునేది మాత్రమే. హజీరా గాలిలోని ఉప్పు, తాపీ నది మీది తేమ, వేసవిలో నలభై డిగ్రీలకు ఎగబాకే ఎండ మనకు చిరపరిచితాలు. అయినప్పటికీ సెలవులు మంజూరు కాగానే హిమాలయాల దారి పట్టేవారు మన కాలనీలో ఏటేటా పెరుగుతున్నారు. ఎండదేశంలో పుట్టినవారికి ఈ తాపత్రయం ఎందుకని పెద్దలు విసుక్కోవడం కద్దు. భువనగిరి గుట్ట మీద తొలి పాఠాలు నేర్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్టును అధిరోహించింది. కనుక ఆ ప్రశ్నకు మేము వేరే సమాధానం వెతకబోము.

గత మాసం పొరుగు క్వార్టరు అమ్మాయి మా ఇంటికి వచ్చింది. జనవరిలో గుల్‌మర్గ్ వెళ్లి స్నోబోర్డు మీద జారడం నేర్చుకుంటుందట. "బాబాయిగారూ, బోర్డు వీపున వేసుకుని కొండ ఎక్కడానికి కాళ్లకు స్నోషూలు తొడుక్కోవాలంటున్నారు. ఎలాంటివి తీసుకోవాలి?" అని అడిగింది. వెంట వచ్చిన తండ్రి మా సహోద్యోగి. ఆయన ఏమీ మాట్లాడలేదు. కుడి మోకాలు చాపుకుని కూర్చున్నారు.

ఆ మోకాలి కథ పాఠకులలో కొందరికి తెలుసు. కొన్నేళ్ల క్రితం మే నెలలో పార్వతీ లోయలో ఒక కనుమ దాటుతున్నప్పుడు ఆయన తొడ లోతున మంచులో దిగబడ్డారు. కాలు కింద ఇరుక్కుపోయింది, శరీరం ముందుకు తూలింది, మోకాలి కీలు మెలిపడింది. ఆనాటి తప్పు మాది. రాత్రి చలికి గట్టిపడిన మంచు తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు అదే మంచు ఊబి అవుతుంది. చీకటితోనే బయలుదేరాలని తెలిసి కూడా, ఫలహారం ముగించుకుని తీరికగా కదులుదామన్నది మేమే. ముప్పై ఏళ్లు పునాదుల కింద నేల ఎంత బరువు మోయగలదో లెక్కలు కట్టిన మాకు మన పాదం కింది నేల గుర్తుకు రాలేదు.

లెక్క చాలా చిన్నది. డెబ్బై కిలోల మనిషి, వీపున పన్నెండు కిలోల సంచి, వెరసి 82 కిలోలు. నడిచేటప్పుడు ఈ బరువంతా క్షణకాలం ఒక్క పాదం మీదే నిలుస్తుంది. బూటు అడుగు వైశాల్యం సుమారు 220 చదరపు సెంటీమీటర్లనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద 0.37 కిలోల ఒత్తిడి పడుతుంది. అదే బూటు కింద వెయ్యి చదరపు సెంటీమీటర్ల స్నోషూ ఉంటే ఒత్తిడి 0.08కి దిగుతుంది, అంటే నాలుగో వంతు కంటె తక్కువ. మన గోదావరి జిల్లాల రైతులు ట్రాక్టరుకు దమ్ము చక్రాలు బిగించి మడిలో దింపుతారు కదా, ఇదీ అదే సూత్రం. ఇనుప చక్రం వెడల్పు బురదలో దిగబడనివ్వదు, దాని పలకలు జారనివ్వవు. స్నోషూకు కూడా అడుగున ఉక్కు పళ్లు ఉండేది అందుకే.

ఉత్తర అమెరికా ఆదిమ తెగలవారు వంచిన కర్రచట్రానికి పచ్చితోలు పట్టీలు అల్లి వీటిని తయారుచేసేవారు. లింబాయత్‌లో నివసించే ఒక పద్మశాలి పెద్దాయనకు ఆ బొమ్మ చూపించాము. "ఇది కుర్చీ అల్లికే గదయ్యా" అని, ముడి ఎక్కడ వదులవుతుందో వేలితో చూపించారు. నేడు కర్రకు బదులు అల్యూమినియం గొట్టమో, ఏకఖండంగా పోసిన ప్లాస్టిక్ పలకో వాడుతున్నారు. సమతలం మీద గొట్టపు చట్రం హాయిగా నడుస్తుంది. ఏటవాలును అడ్డంగా దాటేటప్పుడు మాత్రం చట్రం అంచు పొడవునా పళ్లున్న రకమే పట్టునిస్తుంది. కొండకు వెళ్లేవారు రెండో రకమే తీసుకోవాలని మా అభిప్రాయం.

పరిమాణం విషయంలో చాలామంది పొరబడతారు. పెద్దది మంచిదనుకుంటారు. ఇవి సాధారణంగా 22, 25, 30 అంగుళాల పొడవుల్లో దొరుకుతాయి. మన బరువుకు సంచి బరువు, బోర్డు బరువు కలిపి చూసుకుని, మోయగల వాటిలో చిన్నదే ఎంచుకోవాలి. పొడవు పెరిగిన కొద్దీ అడుగు భారమవుతుంది, మలుపు కష్టమవుతుంది. పైగా బోర్డు మీద కిందికి జారేటప్పుడు ఇవే వీపు మీదికి చేరతాయి. అప్పుడే కురిసిన పొడిమంచులో ఎంతటి స్నోషూ అయినా కొన్ని అంగుళాలు దిగుతుంది. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

మడమ స్వేచ్ఛగా లేచేలా, కాలివేళ్ల దగ్గర మాత్రమే కీలు తిరగాలి. నిట్టనిలువు ఎక్కుడులో మడమ కింద నిలబెట్టుకునే తీగ ఒకటుంటే పిక్కలకు ఎంతో ఉపశమనం. పట్టీలను మరింత జాగ్రత్తగా చూడాలి. స్నోబోర్డు బూటు మామూలు బూటు కంటె వెడల్పు, కాబట్టి ఆ బూటు తొడిగి బిగించి చూడనిదే కొనరాదు. చలికి పెళుసెక్కే ప్లాస్టిక్ బిగింపుల కంటె సాదా రబ్బరు పట్టీ మేలు. విరిగినా తీగముక్కతో బాగుచేసుకోవచ్చు.

బోర్డునే నిలువునా రెండుగా విడదీసి, అడుగున పట్టు పొరలు అతికించి నడిచే ఏర్పాటు కూడా ఉన్నది. అది ఖరీదైనది, నేర్చుకునేవారికి అనవసరం. మే నెలలో పాత మంచు మీద మామూలు నడకకు వెళ్లేవారికి స్నోషూలే అక్కరలేదు. బూటుకు తొడిగే ముళ్లగొలుసులు, మోకాలి దాకా వచ్చే గెయిటర్లు, వేళకు బయలుదేరే బుద్ధి చాలు. దుస్తుల విషయంలో మన ఊరి వారికి బెంగ లేదు. తడిస్తే ఆరని నూలును, జీన్సును ఇంట్లో వదిలి, సూరత్ మగ్గాల పాలియెస్టరు వేసుకోండి.

అమ్మాయికి అన్నిటికంటె గట్టిగా చెప్పినది మరొకటున్నది. డ్రాయింగు బల్ల మీది 30 డిగ్రీల మూలమట్టం ఆమె చేతికిచ్చి, వాలు ఇంతకు మించినదంటే హిమపాతాల ఇలాకాలో ఉన్నట్లే అన్నాము. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుండి 45 డిగ్రీల వాలుల్లోనే. స్నోషూ దిగబడకుండా కాపాడుతుంది కాని, చరియ నుండి కాపాడదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా దండాపై శిక్షణలో ఉన్న బృందమే హిమపాతంలో చిక్కుకుని ఎందరినో కోల్పోయింది. గుల్‌మర్గ్‌లో కేబుల్ కారు సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడ హద్దు జెండాలు దాటి వెళ్లాలంటే స్థానిక మార్గదర్శి ఉండాలి, ప్రతి ఒక్కరి వద్ద సంకేత యంత్రం, పార, శోధన కడ్డీ ఉండాలి. ఒక్కటి లేకపోయినా వెనుదిరగాలి. ఈ మాట అన్నప్పుడు తండ్రి మొదటిసారి తలెత్తి కూతురివైపు చూశారు.

తరువాతి ఆదివారం ముగ్గురం డుమస్ సముద్రతీరానికి వెళ్లాము. అక్కడి నల్లని మెత్తని ఇసుకలో అమ్మాయి స్నోషూలు తొడుక్కుని, కాళ్లు ఎడం చేసుకుని నడవడం మొదలుపెట్టింది. టమాటా భజియాలు వేయిస్తున్నాయన జల్లిగరిటె పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. పిల్లలు వెంటపడ్డారు. ఇరవై అడుగులు వేయగానే ఎడమ పట్టీ జారింది. మేము లేవబోయేలోగా ఆయనే కుంటుకుంటూ వెళ్లి, ఆ మోకాలిని ఇసుకలో ఆనించి కూర్చుని, పట్టీని మరో రంధ్రం లోపలికి బిగించారు. "ఇప్పుడు నడువమ్మా" అన్నారు.

ఆ జత 22 అంగుళాలది. జనవరి వరకు మా క్వార్టరులోనే ఉంటుంది. కావలసినవారు ఆదివారం ఉదయం ఏడు నుండి తొమ్మిది లోపు వచ్చి కాలికి తొడిగి చూసుకోవచ్చు. బూట్లు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.