గుమ్మెట పట్టినవాళ్ళు

బుర్రకథ అనగానే షేక్ నాజర్ గుర్తొస్తారు. గుర్తురావలసినవారే. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, ఊరూరా తిరిగే జంగంకథ నుంచి వచ్చిన కళను ప్రజా ఉద్యమాల గొంతుగా మలిచారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే బుర్రకథ ఒక్కరితో నడిచేది కాదు. కథకుడికి అటొకరు, ఇటొకరు వంత ఉండాల్సిందే. నాజర్ పక్కన నిలబడి వంత పాడినవారిలో కర్నాటి లక్ష్మీనరసయ్య, పురుషోత్తం ఉన్నారు. ఈ రెండు పేర్లూ ఇవాళ ఎందరికి తెలుసు?

వంత అంటే ఊరికే పక్కపాట అనుకుంటే పొరపాటు. కథకుడు భుజాన తంబుర, వేలికి అందెలతో అడుగులేస్తూ చరణం ముగిస్తాడు. ఆ చివరి మాట కింద పడకముందే ఇద్దరూ తందాన అందుకోవాలి. చేతిలో గుమ్మెట దరువు తప్పకూడదు. కథకుడు ఊపిరి తీసుకునేది ఆ కాసేపే. పైగా ఒకరిది హాస్యం: సందు దొరికితే చాలు, జనాన్ని నవ్వించాలి. ఇంకొకరిది రాజకీయం: పాత యుద్ధాన్ని నేటి కరువుకు, నేటి దొరతనానికి ముడివేయాలి. పాట, వాద్యం, నటన, సమయస్ఫూర్తి, నాలుగూ ఒక్క మనిషిలోనే ఉండాలి.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక ఇలాంటి దళాలు ఆంధ్రదేశమంతా తిరిగాయి. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశారు. నాజర్ పల్నాటి యుద్ధాన్ని, బెంగాల్ కరువును కథలుగా కట్టారు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి బుర్రకథ తెరకెక్కింది. జనానికి గుర్తుండిపోయింది మాత్రం కథకుడొక్కడే.

అమెరికాలోనూ ఇదే జరిగింది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటల్లో వంత పాడిన ముగ్గురు స్త్రీల బృందం పేరు ఆండాంటీస్. 'ఫోర్ టాప్స్' రికార్డుల్లో వినిపించే ఆడగొంతులు ఎక్కువగా వీరివే. ఆ రికార్డుల అట్టల మీద మాత్రం వీళ్ళ పేర్లు వేయలేదు.

మన పశ్చిమ ప్రకాశంలో వంతల పేర్ల కోసం వెతుకులాట ఇంకాస్త కష్టం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి వైపు నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఏ జిల్లా కళాకారుల చరిత్ర రాసినా ఈ ఊళ్ళు అంచునే మిగిలిపోతాయి.

అందుకే పాఠకులకు ఒక మనవి. కొనకనమిట్లలోనో, మీ ఊళ్ళోనో అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళను కదిలించండి. శ్రీరామనవమికి, తిరునాళ్ళకు ఏ దళం వచ్చేది, గుమ్మెట పట్టినవాళ్ళెవరు, వాళ్ళది ఏ ఊరు అని అడగండి. వాళ్ళు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి ఈ పత్రికకు పంపండి. కథకుడి పేరు పక్కనే వంతలిద్దరి పేర్లూ అచ్చు వేస్తాం.