ముప్పై ఏళ్లు ఆగిన సినిమా

మొన్న క్లాసయ్యాక ఒక విద్యార్థి అడిగాడు: "సార్, ప్రపంచ సినిమాలో ఎక్కువ రేటింగ్ ఉన్నవి చూస్తే చాలా?" రేటింగ్ వేయాలంటే ముందు ఆ సినిమా జనానికి చేరాలి కదా తమ్ముడూ అన్నాను.

చార్లెస్ బర్నెట్ అనే నల్లజాతి విద్యార్థి లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ వాడలో, వారాంతాల్లో, పది వేల డాలర్లలోపు ఖర్చుతో 'కిల్లర్ ఆఫ్ షీప్' తీశాడు. యూసీఎల్‌ఏలో అది అతని థీసిస్. 1977లో పూర్తయింది. అందులో వాడిన పాటల హక్కులు కొనే స్తోమత లేక థియేటర్లలో విడుదల కాలేదు. 1990లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. విడుదలైంది మాత్రం 2007లో!

కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేళాలో కూలీ. రాత్రిళ్లు నిద్ర పట్టదు. అయినా తనను పేదవాడంటే ఒప్పుకోడు. వాడ పిల్లలు ఒక మేడ మీంచి ఇంకో మేడ మీదికి దూకుతుంటారు. కెమెరా ఎవరి మీదా జాలి పడదు.

మన వాడల మీద వచ్చిన ఎన్నో సినిమాల్లో మనం ఏడుస్తాం, చస్తాం. పని నుంచొచ్చి అరుగు మీద కూర్చుని నవ్వుకోవడం ఎన్నిట్లో ఉంది?

జాబితాలు చూడండి, వద్దనను. కానీ ప్రతి సినిమానీ ఒక్కటి అడగండి: ఈ కెమెరా మన పక్కన కూర్చుందా, పైనుంచి చూసిందా?

జై భీమ్.