రాజీ అంటే లొంగుబాటు కాదు

అప్పుపత్రం మీద నడిచిన వ్యాజ్యంలో తీర్పు వెలువడిన నాటితో వాది ప్రతివాదుల సంబంధం ముగిసిపోవచ్చు. కుటుంబ వివాదం అటువంటిది కాదు. విడాకులు పొందినవారు భార్యాభర్తలుగా మిగలకపోయినా, తమ బిడ్డకు తల్లిదండ్రులుగా మిగులుతారు. ఆస్తి పంచుకొని విడిపోయిన అన్నదమ్ములు బంధువుల ఇంట పెళ్లిపందిట్లో ఎదురుపడక తప్పదు. తీర్పు తరువాత కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన వారికి గెలుపోటముల కంటే ఒప్పందమే మేలు.

న్యాయస్థానంలో కేసు నెగ్గాలంటే ఎదుటివారి తప్పును రుజువు చేయాలి. అందుకోసం నాలుగు గోడల మధ్య జరిగిన ప్రతి మాటా, ప్రతి కలహమూ అర్జీలోకి ఎక్కుతుంది. కోపంలో అన్న మాటను కాలక్రమంలో మరచిపోవచ్చు. కాగితం మీదికెక్కిన నింద చెరగదు. వాయిదాలు గడిచేకొద్దీ ధనమూ, వయసూ, మనశ్శాంతీ కరిగిపోతాయి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న లోకోక్తి ఈ అనుభవం నుంచి పుట్టినదే.

తెలుగు పల్లెలకు రచ్చబండ కొత్త కాదు. ఊరి పెద్దలు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, నచ్చజెప్పి, తగవు తీర్చేవారు. ఖర్చు తక్కువ, కాలయాపన తక్కువ. అయితే ఆ పద్ధతిలో లోపాలూ లేకపోలేదు. పెద్దల మాటపై కులబలం, ధనబలం ప్రభావం చూపేవి. ఎవరి కాపురం గురించి చర్చ జరుగుతున్నదో ఆ స్త్రీ తరచుగా దూరంగా నిలబడి వినవలసి వచ్చేది. కాబట్టి కావలసింది పాత పంచాయితీ పునరుద్ధరణ కాదు. అందులోని సామరస్యాన్ని నిలుపుకొని, అసమానతను తొలగించడమే అవసరం.

భారతీయ చట్టాలు ఈ దిశగానే అడుగులు వేశాయి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, విచారణకు ముందు రాజీకి ప్రయత్నించడం న్యాయస్థానం విధి అని నిర్దేశించింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం లోక్ అదాలత్‌లకు చట్టబద్ధత కల్పించింది. అక్కడ ఇరుపక్షాల సమ్మతితో వెలువడే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ పరిష్కారమైతే చెల్లించిన కోర్టు రుసుము తిరిగి లభిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక దంపతుల వివాదంలో 2013లో తీర్పు చెబుతూ, వివాహ సంబంధమైన తగాదాలను తొలిదశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలని సుప్రీంకోర్టు సూచించింది. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వానికి ప్రత్యేక చట్టాన్నే ఆమోదించింది.

మధ్యవర్తి న్యాయమూర్తి కాడు; తీర్పు చెప్పడు. ఇరువురినీ కలిపి కూర్చోబెడతాడు, అవసరమైతే విడివిడిగా వింటాడు. అక్కడ పలికిన మాటలు గోప్యంగా ఉంటాయి. విడిపోదలచిన ఒక జంటను ఊహించుకుందాం. బిడ్డ చదువు ఖర్చు ఎవరు భరించాలి, మనోవర్తి ఏ తేదీన అందాలి, సంక్రాంతి సెలవులు ఎవరి ఇంట గడపాలి, జ్వరం వస్తే ఎవరికి ముందు కబురు చేయాలి? ఇటువంటి చిన్న విషయాలకు సమాధానాలు ఆ తల్లిదండ్రులకు తెలిసినంతగా మరెవరికీ తెలియవు. తాము స్వయంగా అంగీకరించిన మాటను నిలబెట్టుకోవడం సులభం కూడా.

రాజీ పేరిట స్త్రీని సర్దుకుపొమ్మని ఒత్తిడి చేస్తారన్న విమర్శ ఒకటి ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. దెబ్బలు తిన్న ఇల్లాలిని తిరిగి అదే ఇంటికి పంపడం రాజీ అనిపించుకోదు. అటువంటివారికి 2005 నాటి గృహహింస చట్టం రక్షణ కల్పించింది. వారికి న్యాయస్థానం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. తన హక్కులేమిటో ముందుగా తెలుసుకొని ఇచ్చే సమ్మతే నిజమైన సమ్మతి. భయం చేత చేసిన సంతకం లొంగుబాటు మాత్రమే.

పెద్దల ఎదుట కాగితం రాసుకున్నంత మాత్రాన సాధారణంగా వివాహం రద్దు కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. ఒప్పందం వెలుపల కుదిరినా, విడాకుల డిక్రీ న్యాయస్థానమే ఇవ్వాలి. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులు పొందే అవకాశం 1976లో చేరింది. అంటే రాజీ మార్గం న్యాయస్థానానికి శత్రువు కాదు, దానికి తోడు.

భారతంలో శ్రీకృష్ణుడంతటివాడు రాయబారిగా వెళ్లినా సంధి కుదరలేదు. ఒక పక్షం ఐదూళ్లతో సరిపెట్టుకోవడానికి సిద్ధపడినా, రెండవ పక్షం వినడానికే సిద్ధపడలేదు. మధ్యవర్తి ఎంత సమర్థుడైనా, ఇరువురిలోనూ వినే మనసు లేనిదే ఫలితం ఉండదు. పోరు నష్టం, పొందు లాభం అన్న సామెత తెలియనివారు లేరు. అయితే ఆ పొందు ఇద్దరికీ సమాన గౌరవం ఇచ్చినప్పుడే నిలుస్తుంది. భార్యాభర్తలు విడిపోవలసి వచ్చినా పగ లేకుండా విడిపోతే, వారి బిడ్డ తల్లిని ప్రేమించడానికి తండ్రిని ద్వేషించనక్కరలేదు. ఏ తీర్పూ ఇవ్వలేని న్యాయం అది.