ఐదు రోజుల ఆశ్రయం

2005 నాటి గృహహింస చట్టం భార్యకు కాపురమున్న ఇంట్లో నివాసహక్కు ఇచ్చింది. ఆ ఇల్లు అత్తగారిదైతే హక్కు వర్తించదని సుప్రీంకోర్టు 2006లో అన్నది. ఆ మాట సరికాదని తేల్చడానికి 2020 దాకా పట్టింది. సరే, హక్కు దక్కింది. కానీ ప్రాణం అరచేత పట్టుకొని ఏ గుమ్మం దాటిందో, ఆ గుమ్మంలోకే మళ్ళీ అడుగుపెట్టే హక్కుతో ఆమె ఏం చేసుకోవాలి?

బిడ్డలతో బయటపడిన తల్లికి 'సఖి' కేంద్రంలో ఐదు రోజుల చోటు. ఆ పైన స్వాధార్ గృహం. 2022 నుంచి దానికి శక్తి సదన్ అని పేరు (పేర్లకు మన ప్రభుత్వాల దగ్గర ఏనాడూ కరవు లేదు). ఎనిమిదేళ్ళు దాటిన మగపిల్లవాణ్ణి తల్లి నుంచి విడదీసి బాలల గృహానికి పంపాలన్నది స్వాధార్ నియమం. కొత్త పథకంలో ఆ వయసు పన్నెండైంది, అంతే. తల్లి తిన్న దెబ్బలను కళ్ళారా చూసిన పిల్లవాడికి ఈ శిక్ష దేనికి? వాణ్ణి వదలలేక ఆమె వెనక్కి వెళితే, దాన్ని రాజీ అంటాం!

ఆమెకు కావలసింది తాళంచెవి తన చేతిలో ఉండే రెండు గదులు, పిల్లల బడికి దగ్గరగా, ఒకటి రెండేళ్ళపాటు, తన కూలికి అందే అద్దెకు. టు-లెట్ బోర్డు చూసి వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "మీవారేం చేస్తారమ్మా?" తరువాతది అడ్వాన్సు.

ప్రత్యామ్నాయ వసతికి అద్దె కట్టమని భర్తను ఆదేశించే అధికారం 19వ సెక్షను మేజిస్ట్రేటుకు ఇచ్చే ఉంది. అతడు కట్టేదాకా ప్రభుత్వమే ఆ అద్దె చెల్లించి, పన్నుబకాయిలాగే అతడి నుంచి ముక్కుపిండి వసూలు చేసుకోవచ్చు.