అంటుకున్న తరవాత

మా అమీర్‌పేటలో కోచింగు సెంటర్లు ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పలేను గాని, వాటి నడుమనున్న కిరాణా కొట్లలో షాంపూ పొట్లాల పక్కన వేళ్ళాడే సరుకు ఒకటి మాత్రం తప్పకుండా ఉంటుంది. వేలెడైనా లేని జిగురు గొట్టం. కంపెనీ ఏదైనా జనం అడిగేది ఫెవిక్విక్ అనే. హాస్టళ్ళలోని కుర్రాళ్ళకు చెప్పు తెగినా, బకెట్టు చెవి ఊడినా, కళ్ళజోడు విరిగినా అదే ధన్వంతరి. సంసారులమైన మనం మాత్రం తక్కువ తిన్నామా? మూత ఊడిరాని గొట్టం ఒకటి, మూతే లేని గొట్టం ఒకటి ప్రతి ఇంటి సొరుగులోనూ ఉండక మానవు.

పూర్వం మనకు జిగురంటే తుమ్మబంక, మైదాపిండి ఉడికించిన లై, పల్లెల్లో అయితే విరిగిపండ్ల బంక. వీటన్నిటి ధర్మమూ ఒకటే. లోపలి నీరు ఆరిపోతే గట్టిపడతాయి. ఈ కొత్త జిగురుది తలకిందుల వ్యవహారం. దీనికి తడి తగిలితేనే గట్టిపడుతుంది. గాలిలోని చెమ్మ చాలు. ఇక మనిషి వేలికి చెమ్మ కొదువా? అందుకే విరిగిన కప్పు కన్నా ముందు మన వేళ్ళు అతుక్కుంటాయి. ఎక్కువ పోస్తే పట్టు ఎక్కువ అనుకోవటమూ పొరపాటే. దీని బలమంతా పల్చని పొరలో ఉంది.

దీని పుట్టుక కథ కూడా చిత్రమైనదే. 1942లో అమెరికాలో కోడక్ కంపెనీవారి పరిశోధకుడు హారీ కూవర్ తుపాకుల గురి చూసే పరికరాలకు నిర్మలమైన ప్లాస్టిక్కు కోసం వెతుకుతుంటే ఇది తారసపడింది. ముట్టుకున్న దానికల్లా అంటుకుపోతున్నదని విసిగి, పనికిరాదని పక్కన పడేశారు. తొమ్మిదేళ్ళు గడిచాక, 1951లో, ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడ్ జాయినర్ ఒక ఖరీదైన పరికరంలోని రెండు గాజు పట్టకాల మధ్య దీన్ని రాసి పరీక్షించబోతే, పట్టకాలు మళ్ళీ విడిరాలేదు. పరికరం పోయింది గాని కూవర్‌కు బుద్ధి తట్టింది. 1958లో సరుకు బజారుకెక్కింది.

ఇంతకీ నేను చెప్పదలచింది ఆ కథ కాదు. పోయిన ఎండాకాలం మా పైవాటాలో జరిగిన సంగతి. పిన్నిగారికి డెబ్భై దాటాయి. కళ్ళు పొడిబారుతున్నాయని డాక్టరు రాసిచ్చిన చుక్కలు రోజూ తనే వేసుకుంటారు. మనవడు బొమ్మకారు చక్రం అతికించుకుని, గొట్టాన్ని తీసుకుపోయి కిటికీ గూట్లో ఆ చుక్కల సీసా పక్కనే పెట్టాడు. రెండూ ఒక్క సైజు, రెంటికీ ఒకే మాదిరి ముక్కు. కరెంటు పోయిన సాయంత్రం. తడిమి తీసుకుని ఒక చుక్క వేసుకున్నారు పిన్నిగారు.

"మాస్టారూ, అమ్మ కన్ను తెరుచుకోవటం లేదు!" అని వారబ్బాయి మెట్ల మీంచి కేకేస్తే పైకి పరుగెత్తాను. కోడలు చేతిలో నెయిల్‌పాలిష్ రిమూవరు సీసా, దూది పట్టుకుని సిద్ధంగా ఉంది.

"అది కంటికి తగలకూడదమ్మా, అవతల పెట్టు."

"మరి రెప్ప విడదియ్యమంటారా?"

"వద్దు, వద్దు. చెంబుతో నీళ్ళు పట్టుకురా."

పంపు నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి. పావుగంట సేపు ధారగా పోస్తూనే ఉన్నాము. "మంట, నాయనా, మంట," అంటారే గాని ఆవిడ కదలలేదు. తడిగుడ్డ ఒకటి కంటి మీద ఒత్తకుండా ఆనించి ఆటో ఎక్కించాము. పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం పడి ఆటో ఆగినప్పుడు వారబ్బాయి ముఖం చూడలేకపోయాను.

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ కంగారు పడలేదు. రెప్పవెంట్రుకలు కత్తిరించి, రెప్పలు మెల్లగా విడదీసి, గట్టిపడిన జిగురు పెళ్ళను బయటికి తీసింది. నల్లగుడ్డు మీద గీత పడిందని మందు వేసి కట్టు కట్టింది. వారం రోజుల్లో మానింది. "నోట్లో పడలేదు, అదే పదివేలు. మాట అంటుకుపోతే ఈ ఇంట్లో ఎట్లా బతకను?" అన్నారు పిన్నిగారు. కోడలు కూడా నవ్వింది.

ఈ పొరపాటు ఒక్క మా ఇంటిది కాదు. కంటి వైద్యుల పత్రికలలో దేశదేశాల నుంచీ ఇదే కథ అచ్చవుతున్నది. అంచేత సోదరీమణులకు నా మనవి ఒకటే. ఆ గొట్టాన్ని మందుల దరిదాపుల ఉంచకండి. మేకులు, సుత్తి ఉండే డబ్బాలో పడెయ్యండి.

వేళ్ళు అతుక్కుంటే మాత్రం ఇంత గాబరా అక్కరలేదు. లాగితే చర్మం ఊడుతుంది గాని జిగురు ఊడదు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కాసేపు నానబెట్టి, చెంచా కాడలాంటి మొద్దు వస్తువును సందులో దొర్లిస్తే విడివడతాయి. రిమూవరు కూడా పనిచేస్తుంది గాని, అందులో అసిటోను ఉండాలి. లేని రకాలు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు, చీటీ చదువుకోండి. పొయ్యి దగ్గర మాత్రం దాని మూత తియ్యవద్దు, భగ్గుమంటుంది. పెదవులు అంటుకుంటే అసిటోను ఊసెత్తకండి. వెచ్చని నీళ్ళతో తడుపుతూ ఉంటే, లోపల ఎలాగూ లాలాజలం ఉంది, అదే విడదీస్తుంది. గచ్చు మీద ఒలికినది గట్టిపడిన తరవాత బ్లేడుతో గీకితే లేచిపోతుంది. ప్లాస్టిక్కు మీద, వార్నీషు వేసిన బల్ల మీద అసిటోను పోశారంటే జిగురుతోపాటు వస్తువు కూడా చెడుతుంది.

అందరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఒలికింది కదా అని దూదితోనో పాత నూలు పంచె గుడ్డతోనో అద్దబోకండి. నూలు తగిలితే ఈ జిగురు ఒక్కసారిగా గట్టిపడుతూ వేడెక్కుతుంది. పొగ కూడా వస్తుంది, చర్మం బొబ్బలెక్కుతుంది. కట్టుకున్న నూలుబట్ట మీద ధారాళంగా పడితే వెంటనే నీళ్ళు గుమ్మరించి, బట్ట ఒంటికి అంటుకోకపోతే విప్పెయ్యాలి.

ఇక దీని అక్కరలు. పగిలిన బకెట్టు అంచులో వంటసోడా చిటికెడు నింపి రెండు చుక్కలు వేస్తే క్షణంలో రాయిలా బిగుస్తుంది. కిటికీ తెరిచి చెయ్యండి, ఆ ఆవిరి కళ్ళు మండిస్తుంది. సూదిలోకి ఎక్కనని మొరాయించే దారం కొసకు ఒక్క చుక్క రాస్తే సూదిలా నిలబడుతుంది. కుక్కరు పిడికి మాత్రం వాడకండి. వేడికి ఈ పట్టు సడలుతుంది. టీ తాగే కప్పుకూ వద్దు. పోలీసువారు దీని ఆవిరితో వేలిముద్రలు పట్టుకుంటారు. మూసిన పెట్టెలో వస్తువు పెట్టి జిగురు వేడిచేస్తే, కంటికి కనబడని ముద్ర గీతల మీద ఆవిరి పేరుకుని తెల్లగా తేలుతుంది. తుపాకుల కోసం వెతికితే దొరికిన జిగురు చివరికి దొంగలను పట్టిస్తున్నది!

అన్నిటికన్నా పెద్ద అక్కర వైద్యంలో. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులకు నెత్తురు ఆపటానికి దీని జాతి జిగురునే చిమ్మేవారు. 1998లో అమెరికా ప్రభుత్వం గాయాలు అతికించే జిగురుకు అనుమతి ఇచ్చింది. కాలేయం చెడి, కడుపులో సిరలు చిట్లి నెత్తురు కక్కుకునే రోగులకు గొట్టం లోపలికి దింపి ఈ జాతి జిగురుతోనే నెత్తురు కట్టిస్తారు. నల్లగుడ్డుకు చిన్న చిల్లు పడితే కంటి వైద్యులు దాన్ని పూడ్చేదీ దీనితోనే. పిన్నిగారి కన్ను మూసిన జిగురుకు అది జ్ఞాతి అని వారితో ఇంకా చెప్పలేదు, నమ్మరు.

జ్ఞాతి అన్నాను గాని, అదే జిగురు అనలేదు. 2023 మే నెలలో జోగులాంబ గద్వాల జిల్లా అయిజలో, పెళ్ళికని కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబంలోని పిల్లవాడికి కంటి పైన గాయమైతే, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుట్లకు బదులు ఫెవిక్విక్ పెట్టారని తండ్రి పోలీసులకు ఫిర్యాదు చేశాడు. కర్ణాటకలోని హావేరి జిల్లాలో 2025 జనవరిలో ఏడేళ్ళ పిల్లవాడి చెంప మీది గాయానికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలోని నర్సు అదే పనిచేసింది. బజారు జిగురు గాయం మీద గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, తొందరగా విచ్ఛిన్నమై ఒంటికి సరిపడని పదార్థాలను వదులుతుంది, పైగా క్రిములు లేకుండా శుద్ధి చేసినదీ కాదు. డాక్టర్ల జిగురును వేరే అణువులతో, నెమ్మదిగా కరిగేలా తయారుచేస్తారు. దాన్ని కూడా గాయం లోపల పొయ్యరు. అంచులు కలిపి పట్టి పైపైన రాస్తారు.

పిల్లవాడు పడి నుదురు చిట్లితే శుభ్రమైన గుడ్డ అదిమిపట్టి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ జిగురు మాట వస్తే, ఏ జిగురో గొట్టం చూపించమని అడగటానికి మొహమాటపడనక్కరలేదు. హావేరి జిల్లాలో ఆ పిల్లవాడి తల్లిదండ్రులు అడిగారు. కుట్లు వేస్తే ముఖం మీద మచ్చ పడుతుందని, ఏళ్ళ తరబడి తాను ఇలాగే చేస్తున్నానని నర్సు చెప్పిన సమాధానాన్ని ఫోనులో పట్టుకున్నారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆమెను సస్పెండు చేసింది.